గోడకు పెట్టిన బెల్లం

నా చిన్నప్పుడు నేను ఒక గోడకు పెట్టాల్సిన బెల్లం తినేశాను. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. నేనూ చాలా ఏళ్ళు దీన్ని నవ్వులాటగానే చెప్పుకుంటూ వచ్చాను. బడిలో పిల్లలకు చెప్పాను, పెళ్ళిళ్ళలో చుట్టాలకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ సగమే చెప్పాను. ఆ గోడ ఇప్పుడు లేదు. పోయిన నెలలో బాన్సువాడలోని మా గుడిని కూలగొట్టారు.

మా వాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. మాది పెద్ద గుడేమీ కాదు. ముందువైపు నలుపలకల రాతి గోపురం, దానిలో ఒక్క గంట. వెనక పొడవాటి హాలు. గోడలు నల్లరాయివి, రెండు మూరల మందం ఉండేవి. కిటికీ గూట్లో ఇద్దరు పిల్లలం ఎదురెదురుగా కాళ్ళు ముడుచుకుని కూర్చున్నా ఇంకా చోటు మిగిలేది. కిటికీల పైభాగం చేతులు జోడించినట్టు మొనదేలి ఉండేది. పైన టేకు దూలాలు, వాటి మీద ఎర్ర పెంకులు. ఆ దూలాల చివర్లు రెండు వైపులా పొడవు గోడల్లోకి దూరి ఉండేవి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరువాత అవసరం పడుతుంది. కింద షాబాదు బండలు. బెంచీలు లేవు, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చునేవారు. ఎండాకాలం బయట నిప్పులు చెరుగుతున్నా లోపల నీళ్ళ కుండ పక్కన కూర్చున్నట్టు చల్లగా ఉండేది.

ఆ గుడిని ఎవరో ఒక దొర కట్టించాడు. తలుపు పక్కన చలువరాతి పలక మీద ఇంగ్లీషులో ఆయన పేరుండేది. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. అది కరువు కాలమట. పని చేసినవాళ్ళకు సాయంత్రం జొన్నలు కొలిచి ఇచ్చేవారట. మా అవ్వ అప్పుడు తొమ్మిదేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ వెంట తట్ట మోసింది. పెద్దయ్యాక సున్నం పనిలో దిగింది. సున్నపురాయి కాల్చడం, గుంటలో నానబెట్టడం, మంజీరా ఇసుకతో కలిపి దంచడం, గోడకు పూసి గులకరాయితో నునుపు చేయడం, ఇదే ఆమె బతుకు. నిజాంసాగర్ కట్టేటప్పుడు కూడా సున్నం దంచానని చెప్పేది. సున్నం ఆమె వేళ్ళను ఎంత తిన్నదంటే, ఎక్కడైనా కాగితం మీద వేలిముద్ర వేయమంటే నల్లటి మచ్చ పడేది తప్ప గీతలు పడేవి కావు.

మా అమ్మ నాట్లకు, కలుపుకు పోతే నన్ను పెంచింది అవ్వే. ఎక్కడికి పోయినా వెంట తీసుకుపోయేది. దారిలో ఒక పెద్ద భవంతి గోడనో, ఒక ప్రహరీనో చూపించి ఇది నేనే పూసిన అనేది. లోపల ఎట్లా ఉంటుందని అడిగితే తెలియదనేది. ఆ గోడలు పూర్తయ్యాక మా వాళ్ళు గడప అవతలే నిలబడి పిలిచేవారు. ఒకసారి గుడి మెట్ల మీద కూర్చుని ఆమె నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఎన్ని గోడలు పూసిన్నో లెక్క లేదు బిడ్డా. పూసినంక లోపలికి పోయి కూసున్నది గీ నాలుగు గోడల నడుమనే."

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక ఎండాకాలం, గుడి తూర్పు గోడకు బయటివైపు కిటికీ కింద పగులు వచ్చింది. పాత పూత మూరెడంత ఊడి పడింది. అప్పటి అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, అవ్వను పిలిపించారు. అవ్వ వెంటనే గుంట తవ్వి సున్నం నానబెట్టింది. ఇక సంఘంలోని ఆడవాళ్ళందరికీ కబురు పోయింది. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. పొద్దున పొయ్యి మీద ఎసరు పెట్టగానే ప్రతి ఇంట్లో గుడి పేరు మీద ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరేది. గుడికి మరమ్మత్తు వస్తే బియ్యంతో పాటు బెల్లం ముక్క కూడా తీసేవారు. సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపితే పూత గట్టిపడుతుంది. బీర్కూర్ వైపు చెరకు నరకడానికి పోయిన ఆడవాళ్ళు కొంగు చివర బెల్లం ముక్క ముడివేసుకుని వచ్చి, గోడకు పెట్టమని అవ్వ చేతిలో పెట్టేవారు. ఎవరో ఇంటికి చుట్టం వచ్చినట్టు, ఆయనకు తీపి పంపినట్టు ఉండేది ఆ వరుస.

ఆ బెల్లం కుండను అయ్యగారు అంగీ మార్చుకునే చిన్న గదిలో పెట్టారు. చీమలు పట్టకుండా చూసే పని నాకు అప్పగించారు. దొంగ చేతికి తాళం చెవి ఇచ్చినట్టే అయింది. మొదటిరోజు వేలితో గీరి నాకాను. రెండోరోజు చిన్న ముక్క. వారం తిరిగేసరికి కుండ సగమైంది. చీమలు తిన్నాయని చెప్పాను. అవ్వ కుండను చేత్తో ఎత్తి చూసింది, నా మొహం చూసింది. కొడుతుందేమోనని నేను కళ్ళు మూసుకున్నాను.

"గోడ వంతు నువ్వు తింటివి. ఇగ నీ వంతు గోడకు పెట్టు" అంది, అంతే.

ఆరోజు నుంచి పొద్దున అంబలితో నాకు ఇచ్చే బెల్లం ముక్కను నా చేతనే ఆ కుండలో వేయించింది. కుండ నిండేదాకా నాకు చప్పటి అంబలే. ఒక్కరోజు కూడా మరిచిపోలేదు, ఒక్కసారి కూడా ఎవరికీ చెప్పి నా పరువు తీయలేదు. ఇక్కడిదాకా నేను అందరికీ చెప్పే కథ. ఇక్కడ అందరూ నవ్వుతారు. నేనూ నవ్వి ఊరుకుంటాను.

అవ్వ నానబెట్టిన సున్నం ఇంకా గుంటలో ఉండగానే, ఒక మేస్త్రీ తన దగ్గర మిగిలిన అర బస్తా సిమెంటు తెచ్చి గుడికి కానుకగా ఇచ్చాడు. ఆ రోజుల్లో సిమెంటు అంటే బంగారం చూసినట్టు చూసేవారు. ఊడిన పూతలో ఎడమవైపు సగాన్ని మేస్త్రీ ఒక్క పూటలో సిమెంటుతో పూసేశాడు. బూడిదరంగులో, పలకలాగ నున్నగా వచ్చింది. నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. బలపం తెచ్చి దాని మీద అ ఆలు రాశాను. అవ్వ మాత్రం ఇంకో పది రోజులు సున్నం కలియబెట్టి, దంచి, బెల్లం నీళ్ళు పోసి మళ్ళీ దంచి, కుడివైపు సగాన్ని పూసింది. తడి గోనె సంచులు కప్పి రోజూ నీళ్ళు చల్లింది. ఇంత పని చేసినా అది ఎడమవైపు దాని ముందు ముసలిదానిలా కనపడింది నాకు. ఆ మాట అవ్వతో అనేశాను కూడా.

ఆమె నవ్వి, రెండు చెంబుల నీళ్ళు తెప్పించింది. ఒకటి ఎడమ దాని మీద పొయ్యమంది, ఒకటి కుడి దాని మీద. సిమెంటు మీద నీళ్ళు జారి నేల మీద పడ్డాయి. సున్నం మీద పోసిన నీళ్ళు చూస్తుండగానే లోపలికి పోయాయి. ఎవరు గెలిచారో చెప్పమంది. సిమెంటే అన్నాను, నీళ్ళు తాగలేదు కదా. "గట్లనా, సరే. క్రిస్మస్ దాక ఆగు" అంది. వానలు వచ్చాయి, పోయాయి. నేను పందెం మరిచిపోయాను.

క్రిస్మస్ ముందు గుడికి వెల్ల వేసే రోజు అవ్వ నన్ను తూర్పు గోడ దగ్గరికి తీసుకుపోయింది. నా చేతికి చిన్న చెక్క సుత్తి ఇచ్చి రెండు పూతలనూ కొట్టమంది. కుడివైపు కొడితే రాయిని కొట్టినట్టు గట్టి చప్పుడు. ఎడమవైపు కొడితే ఖాళీ డబ్బాను కొట్టినట్టు డొల్ల చప్పుడు. అవ్వ తాపీ కొసను సిమెంటు అంచు కింద దూర్చి మెల్లగా లేపింది. నా అ ఆలతో సహా మొత్తం పూత పెనం మీద నుంచి రొట్టె లేచినట్టు లేచి వచ్చింది. వెనక గోడ తడిసి ముద్దగా ఉంది. వాన వెలిసి ఎన్ని వారాలైనా తడి ఆరలేదు. మగ్గిన ముక్క వాసన వేసింది. రాళ్ళ సందుల్లో ఉన్న పాత సున్నాన్ని అవ్వ నా వేలితో తాకించింది. తడిపిన పిండిలా వేలికి అంటుకుని వచ్చింది. అది వాళ్ళమ్మ కాలం నాటి సున్నం.

"పైన పటారం, లోన లొటారం" అంది అవ్వ. ఆమె మొహంలో పందెం గెలిచిన సంతోషం లేదు. ఏదో దెబ్బ తగిలిన పశువును చూసినట్టు ఆ గోడను చూసింది. "సున్నం నీళ్ళు తాగుతది, ఎండకు మళ్ళ ఇడుస్తది. గిది తాగది, లోపలున్న తడిని బయటికి పోనియ్యది. భూమిలకెళ్ళి తడి ఎక్కుతనే ఉంటది గద బిడ్డా. గది ఎటు పోవాలె?"

నేను అయ్యగారికి చెప్పమన్నాను. చెప్పానంది. ఆయన మంచివాడే, నవ్వి ఊరుకున్నాడట. సున్నం దంచే ముసలమ్మ మాట ఎవరు పట్టించుకుంటారు. అవ్వ నా వేలికి అంటిన ఆ ముద్దను తన కొంగుతో తుడిచింది.

"నా మాట ఎవ్వలు ఇనరు. నువ్వు సదువుకుంటున్నవ్. రేపు పెద్దగైనంక మల్ల ఎవడో ఒకడు గీ సిమెంటు పట్టుకొస్తడు. గప్పుడు నువ్వు చెప్పాలె. నువ్వు చెప్తె ఇంటరు."

చెప్తానన్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల ఏమైనా అంటుంది. ఆ సాయంత్రం అవ్వ ఎడమవైపు సగాన్ని కూడా సున్నంతో పూసింది. నునుపు చేయడానికి గులకరాయి నా చేతికి ఇచ్చింది. చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దాను. రుద్దిన కొద్దీ అది వెన్నెల పట్టినట్టు మెరుస్తూ వచ్చింది. ఆ బెల్లం కుండలో చివరి ముక్కలు నావే.

నేను చదువుకున్నాను. టీచరునయ్యాను. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాదే అవ్వ పోయింది. మా సంఘంలో ఉద్యోగం చేసిన మొదటి ఆడదాన్ని నేనే. నన్ను సంఘం కమిటీలోకి తీసుకున్నారు. మా కమిటీ మీటింగుల్లో నా మాటకు విలువ ఉండేది. అవ్వ అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. నేను చెప్తే వినేవాళ్ళు.

ఇరవై ఏళ్ళ కిందట గుడి వార్షికోత్సవం వచ్చింది. అప్పటికి ఊళ్ళో కొత్త కొత్త చర్చిలు వచ్చాయి, రంగులతో, టైల్సుతో, అద్దాలతో. మా పిల్లలకు మా గుడిని చూపించుకోవడం నామోషీగా ఉండేది. గోడల మీద సున్నం అక్కడక్కడా పొరలు లేస్తోంది. బయట, లోపల మొత్తం సిమెంటు పూసి పెయింటు వేస్తే పది రోజుల్లో కొత్త గుడిలా చేసి ఇస్తానని ఒక కాంట్రాక్టరు చెప్పాడు. కమిటీలో అందరూ సరే అనేలోపు ఒక ముసలాయన చేయి అడ్డం పెట్టాడు. మన పెద్దలు సున్నంతోనే కట్టారు కదా, సున్నంతోనే బాగుచేసుకుంటే కాదా అన్నాడు. అని, చుట్టూ చూసి అడిగాడు.

"మన ఇండ్లల్ల సున్నం పని తెలిసినోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

ఆ గదిలో కూర్చున్న తీరు ఇప్పటికీ కళ్ళ ముందుంది. నా కుడిపక్కన బ్యాంకులో పనిచేసే ఆయన, ఆయన భార్య. ఎదురుగా దవాఖానలో పనిచేసే డాక్టరమ్మ. ఇస్త్రీ చీరలు, చేతి గడియారాలు. అందరి అవ్వలూ తాతలూ ఏదో ఒక కూలి పని చేసినవాళ్ళే, కానీ ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. నేనైతే మా పూర్వులు ఈ గుడి కట్టించినప్పటి నుంచి ఉన్నారని చెప్పుకునేదాన్ని. తట్ట మోశారని చెప్పేదాన్ని కాదు. మా అత్తగారి ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. ఆరోజు నేను లేచి ఒక్క మాట చెప్తే చాలు. మా అవ్వ సున్నం పని చేసేది, సిమెంటు పూస్తే ఏమవుతుందో నా కళ్ళతో చూశాను అని. నోరు తెరవడానికి సిగ్గు అడ్డం పడింది.

ఎవరూ లేరని ముసలాయనకు చెప్పారు. సిమెంటుకు ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. నేను ఎత్తాను. టీచరమ్మ ఎత్తిందని మిగతావాళ్ళు ఎత్తారు.

ఎందుకు ఎత్తానని ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. నోరు మూసుకుని ఉంటే పోయేది. కానీ ఆ ప్రశ్న తొందరగా అయిపోవాలని, ఇంకెవరూ నా వైపు చూసి మీ వాళ్ళు ఏం పని చేసేవారమ్మా అని అడగకూడదని నాకు భయం వేసింది. అందుకే ఎత్తాను. ఇంతకు మించి గొప్ప కారణమేమీ లేదు.

రెండేళ్ళు గుడి మెరిసిపోయింది. ఫొటోలు దిగాం. మూడో ఏట గోడల అడుగున తెల్లటి ఉప్పు పొక్కులు లేచాయి. పెయింటు వేశాం. మళ్ళీ లేచాయి, ఇంకొంచెం పైన. మళ్ళీ వేశాం. లోపల ఆ చల్లదనం పోయింది, ఉక్కపోత వచ్చింది. ముక్క వాసన వచ్చింది. నాకు ఆ వాసన తెలుసు. ఆదివారం ఆదివారం ఆ వాసన పీల్చుకుంటూ చాప మీద కూర్చున్నాను, అందరితో పాటు పాటలు పాడాను, ఒక్కరికీ చెప్పలేదు. భూమిలోంచి ఎక్కిన తడికి బయటికి దారి లేక గోడలోనే పైపైకి పోయింది. ఇరవై ఏళ్ళు మెల్లగా ఎక్కి ఎక్కి దూలాల చివర్లను అందుకుంది. పోయిన వానాకాలం ఒక ఆదివారం, ప్రార్థన మధ్యలో, ఆడవాళ్ళ వైపు రెండు పెంకులు, దోసెడు తడి మట్టి రాలిపడ్డాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు. తగిలితే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

అప్పుడు మా సంఘంలోనే పెరిగిన ఒక అమ్మాయిని పిలిపించారు. నా దగ్గర చదువుకున్న పిల్లే, ఇప్పుడు ఇంజినీరు. ఆమె నిచ్చెన వేసుకుని ప్రతి దూలం చివరా పొడిచి చూసింది. చూసి దిగి, చేతులు కడుక్కుని, ఇక ఈ కప్పు కింద ఎవరినీ కూర్చోనివ్వకూడదని చెప్పింది. దూలాలు చివర్లలో కుళ్ళాయి, గోడల్లో సున్నం మట్టయింది. బాగుచేయడం మన తరం కాదంది. కూలగొట్టాలని తీర్మానం అయింది. కొత్త గుడి వస్తుందన్న సంబరంలో పెద్దగా ఎవరూ ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు. ఏడ్చే అర్హత కూడా లేదనిపించింది.

కూలగొట్టిన రోజు నేను పోకుండా ఉండాల్సింది. పోయాను. దూలాలు, పెంకులు ముందే దించారు. గంటను గోనె సంచిలో చుట్టి పాస్టరుగారి ఇంట్లో పెట్టారు. జేసీబీ వచ్చి ఉత్తరం గోడను తోసింది. రెండు మూరల మందం గోడ, నేను కాళ్ళు ముడుచుకుని కూర్చున్న కిటికీ గూడు, పిండి బస్తా జారినట్టు జారిపోయింది. దక్షిణం గోడా, ముందున్న గోపురమూ అంతే. పది గంటలకల్లా మూడు వైపులా అయిపోయింది. తూర్పు గోడ దగ్గర బండి ఆగింది.

తూర్పు గోడకు మేము సిమెంటు పూయలేదు. బయట వైపు పక్క ఇంటివాళ్ళ ప్రహరీ వచ్చి సందు మాత్రమే మిగిలింది. లోపలి వైపు ప్రభువు బల్ల వెనక చెక్క పలకలు ఉండేవి. ఎవరికీ కనపడని గోడకు ఖర్చు ఎందుకని అప్పట్లో వదిలేశాం. బండి పళ్ళు ఆ గోడను గీకాయి. గోడ కదల్లేదు. డ్రైవరు మహారాష్ట్ర సరిహద్దులోని డోంగ్లి వైపు మనిషి, మధ్యమధ్య మరాఠీ మాట్లాడుతున్నాడు. దిగి వచ్చి గోడను చేత్తో చరిచి చూశాడు.

"బాప్‌రే! గీ గోడ శానా మజ్బూత్ ఉన్నది అవ్వా. ఎవలు కట్టిన్రో గాని" అన్నాడు.

ఎదురుగా ఒక బండరాయి మీద కూర్చుని మధ్యాహ్నం దాకా చూశాను. బండి వెనక్కి పోతుంది, ముందుకు వస్తుంది, గుద్దుతుంది. రాయి ముక్కలవుతోంది గానీ సున్నం వదలడం లేదు. ఆడవాళ్ళు ఇంటికొక ముక్క తెచ్చి పెట్టిన బెల్లం అది. చప్పటి అంబలి తాగి నేను పెట్టిన బెల్లం. పడిపో, పడిపో అని లోపల్లోపల మొక్కుకున్నాను. అది నిలబడిన ప్రతి నిమిషమూ నా మొహం మీద కొట్టినట్టుగా ఉంది. మూడు గంటలకు పడింది.

ఇంజినీరు అమ్మాయి ఆ రాళ్ళ మధ్యలోకి దిగి చాలాసేపు చూసి, నా దగ్గరికి వచ్చింది. చేతిలో పూత పెచ్చు ఒకటి ఉంది.

"టీచర్, గీ గోడకు ఏం కాలేదు. ఇంకో వందేండ్లు ఉండేది. మిగితయి గూడ గిట్లనే ఉంటుండె. సిమెంటుతోనే ఖరాబైనయి" అంది. తరువాత మామూలుగానే అడిగింది. "అప్పుడు సిమెంటు ఎయ్యమన్నది ఎవరు టీచర్?"

చుట్టూ పాస్టరుగారు, కమిటీవాళ్ళు, చూడడానికి వచ్చిన ఆడవాళ్ళు ఉన్నారు. ఆ అమ్మాయి ముత్తవ్వ కూడా మా అవ్వతో పాటు తట్ట మోసిన మనిషే. ఆ పిల్లకు ఆ సంగతి తెలియదు. ఎవరైనా చెప్పి ఉంటే కదా తెలియడానికి. డెబ్బై దాటిన దాన్ని, ఇక నాకు పోయే పరువేముంది, దాచుకునేదేముంది. అయినా నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"అప్పటి కమిటీ బిడ్డా."

ఆమె తల ఊపి, ఆ పెచ్చు నా చేతిలో పెట్టి పోయింది. ఒక వైపు గరుకుగా ఉంది. ఇంకోవైపు నున్నగా, మెరుస్తూ ఉంది. అంచున వేలు ఒత్తిన గుంట ఒకటి ఉంది. దానిలో గీతలు లేవు. అది అవ్వ వేలో, రాయి చేసిన గుంటో చెప్పలేను.

ఆ పెచ్చు ఇప్పుడు మా వంటింటి కిటికీలో ఉంది. పొద్దున చాయ్ పెట్టుకునేటప్పుడు దాని మీద ఒక చెంచాడు నీళ్ళు పోస్తాను. చూస్తుండగానే తాగుతుంది. మధ్యాహ్నానికి ఎండకు ఆరిపోయి తెల్లగా అవుతుంది. దాని పని అది చేస్తూనే ఉంది, నిలబెట్టడానికి గోడే లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అయినా రోజూ పోస్తాను.

ఇప్పుడు మా ఆరాధన టెంటు కింద జరుగుతోంది. కొత్త గుడికి గుంతలు తవ్వారు, పిల్లర్ల చువ్వలు లేచాయి. పోయిన ఆదివారం పాస్టరుగారు పెద్దవాళ్ళను ఒక్కొక్కరినీ లేపి పాత గుడి గురించి జ్ఞాపకం చెప్పమన్నారు. నా వంతు వచ్చింది. మైకు చేతికి ఇచ్చారు. లేచేటప్పుడు అంతా చెప్పేద్దామనే లేచాను. గోడకు పెట్టాల్సిన బెల్లం నేను తినేసిన సంగతి చెప్పాను. చప్పటి అంబలి సంగతి చెప్పాను. అందరూ నవ్వారు. వెనక కూర్చున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వి మైకు ఇచ్చేసి కూర్చున్నాను.

అక్కడ చెప్పలేని సగం ఇక్కడ రాసి పెడుతున్నాను. మా అవ్వ సున్నం దంచిన మనిషి. ఆ పని తెలిసినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అని అడిగిన రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను.